మొగ దగ్గర పదకొండు సెకన్లు

ఆశ్వయుజ బహుళ తదియ, శుక్రవారం

వడకట్టిన నీళ్లు పన్నెండు బిందెలు. ఎండకు వేసిన చేప రెండు తడికెలు. పాత బడి డాబా నీళ్లలోంచి తేలినంత మేర నాచు గీకడం గంటన్నర. డిస్కుల గదిలో చల్లదనానికి గోనెలు తడపడం నాలుగుసార్లు. గది వేడి పొద్దున ముప్పై ఒకటి, మధ్యాహ్నం ముప్పై ఏడు. గది వంతు మా మల్లాడి వారి ఇంటికి వచ్చి ఇది మూడో రోజు.

ఇవాళ ఇరవై మూడు పడవలు వేటకు బయల్దేరాయి. ఇరవై రెండే మొగ దాటాయి.

ఏరు సముద్రంలో కలిసే ఆ మొగలో ఇసుక ఒక పోటుకు ఉన్నచోట ఇంకో పోటుకు ఉండదు. అందుకని పడవ అక్కడికి రాగానే గదిని దారి అడుగుతుంది. ఈ రెండు మూడు రోజుల్లో దాటినవాళ్లు కొలిచిన లోతులు గది చదివి, ఎటు తిప్పాలో చెబుతుంది. రెండు సెకన్లలో చెప్పాలి. ఇవాళ చివరి పడవకు చెప్పడానికి పదకొండు పట్టింది. అది ఓలేటి వారి పడవ. జవాబు వచ్చేలోపు అల దాన్ని ఇసుక మీదికి తోసేసింది. అడుగు పలక పగిలింది. ఆ ఇంటి రాఘవమ్మ పెనిమిటికి కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగింది.

రేడియో చూసే సంగాని సింహాద్రి మావ గది గుమ్మం బయట నిలబడ్డాడు. వంతు ఇంటి ఆడవాళ్లు తప్ప ఇంకొకరు లోపలికి రాకూడదు.

"ఏమ్మా వేణీ, నిద్దరోతందా నీ గది?"

"లేదు మావా. దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి."

"దీపాలెలిగితే సరిపోద్దా? ఎళ్లేటప్పుడు అలలు నెమ్మదిగా ఉన్నాయి గాబట్టి ఒకటే తగిలింది. వచ్చేటప్పుడు పోటు ఎనకనించి తోత్తా ఉంటాది, ఏదీ ఆగలేదు. ముందు నీ కోడలే ఉంటాది."

కోడలు నూకరత్నం మా పడవ నడుపుతుంది. ఆ సంగతి మావ గుర్తు చేయనక్కర్లేదు. వాళ్లు తిరిగొచ్చేది నవమి, గురువారం. ఆరు రోజులుంది.

చవితి, శనివారం

నీళ్లు పదకొండు బిందెలు. మూడు తడికెలు తిరగేశాను. గోనెలు నాలుగుసార్లు. వంట ఆయన చేశారు; చారులో ఉప్పు లేదు.

నేను పొద్దుటి నుంచి గదిలోనే కూర్చుని నిన్నటి లెక్కలు తీశాను.

గదిలో నలభై ఎనిమిది డిస్కులు. ఇరవై నాలుగు ఇళ్లు, ఇంటికొక జోడీ. ఒకటి పాడైతే రెండోది ఉంటుందని ఒకే సంగతి రెండింటి మీదా రాస్తాం. కొత్త డిస్కు అనేది ఈ తీరానికి వచ్చి పద్నాలుగేళ్లయింది. అందుకే ప్రతి ఇల్లూ తన జోడీకి పసుపు రాసి, ఇంటిపేరు చెక్కి, తన అరలో పెట్టుకుంది. ఎవరి పడవ కొలిచిన లోతులు వాళ్ల జోడీ మీదే.

ఒక్కో డిస్కు సెకనుకు నూట యాభైసార్లు చదవగలదు. జోడీ అయితే మూడు వందలు. ఒక పడవకు దారి చెప్పాలంటే నూట ఇరవైసార్లు చదవాలి. ఇరవై మూడు పడవలకు రెండు వేల ఏడు వందల అరవై. ఇదంతా నలభై ఎనిమిది డిస్కుల మీద పడితే సెకనులో సగం కూడా పట్టదు. నిన్న ఒక్క జోడీ మీద పడింది. ఎందుకంటే అంతకు ముందు పది రోజులుగా మొగ దాటుతున్న పడవ ఒక్కటే, బొమ్మిడి ధనకాసులుది. మిగతావాళ్లు పెద్ద వేటకు వలలు సిద్ధం చేసుకుంటూ ఒడ్డునే ఉన్నారు. ధనకాసులు చిన్న పడవ మీద రోజూ దగ్గరి వేటకు వెళ్లి వస్తుంది. కాబట్టి ఇరవై మూడు పడవలూ ఒకేసారి ఆమె లోతులే అడిగాయి; వరసలో చివరన పడింది ఓలేటి వారిది. తొమ్మిది సెకన్లు అక్కడ. అదే సమయంలో ఆమె పడవ నీళ్లలో ఉండి కొత్త లోతులు రాస్తోంది. ఆ రాతలకు ఇంకో రెండు.

నలభై ఆరు డిస్కులు ఊరికే తిరిగాయి. రెండు డిస్కులు ఊపిరాడక కొట్టుకున్నాయి. విందులో ఇరవై నాలుగు గుండిగలు దించి, అందరినీ ఒకే గుండిగ దగ్గర వరసలో నిలబెట్టినట్టు.

నవమి నాడు కూడా ఇంతే. పెద్ద పడవలు ఆరు రోజులు బయటే ఉంటాయి. మొగ సంగతి తెలిసేది మళ్లీ ధనకాసులు జోడీకే.

పంచమి, ఆదివారం

నీళ్లు పది బిందెలు. పొద్దున పనులన్నీ ఎనిమిదింటికే ముగించి ఇంటికొక ఆడమనిషిని వలల చావిట్లోకి పిలిచాను.

చెప్పవలసింది పలక మీద రాసి చూపించాను. జోడీలు జోడీలుగానే ఉంటాయి. కానీ అన్నిటినీ కలిపి ఒకే పెద్ద వాల్యూమ్, అంటే గదికి ఒకే డిస్కులా కనబడే కొట్టు, చేస్తాను. ప్రతి ఇంటి లోతుల్నీ అరవై నాలుగు కిలోబైట్ల ముక్కలుగా కోసి, ఇరవై నాలుగు జోడీల మీదా వరసగా పరుస్తాను. ఎవరి లోతులు అడిగినా అన్ని డిస్కులూ తలా కాస్త చదువుతాయి.

"మా జోడీ మా అత్త పసుపు రాసి పెట్టింది," అంది ధనకాసులు. "ఇప్పుడు మా కూర తీసి అందరి గిన్నెల్లో వడ్డిత్తానంటావేంటి వదినా?"

"ఇన్నాళ్లూ తింటంది నీ కూరే గదే," అంది రాఘవమ్మ. "అందరం ఒక్క గిన్నెలో చెయ్యెడితే మా ఆయన చెయ్యి ఇరిగింది."

అందరూ నవ్వారు. ధనకాసులు నవ్వలేదు. ఆమెకు మగదిక్కు లేదు. పెద్ద పడవా లేదు. సముద్రంలో ఎక్కడో ఒక గుంట ఉందని, కచిడి చేప అక్కడ చేరుతుందని, ఆ గుంట జాడ ఆమె లోతుల్లోనే ఉందని ఊరంతటికీ తెలుసు. ఎక్కడో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ గుంటే ఆమె ఇల్లు నడుపుతోంది.

చేతులెత్తమన్నాను. ఇరవై మూడు లేచాయి. వంతు ఇంటి మాట, ఎక్కువ చేతులు ఒకటైతే అదే ఖాయం. వెళ్తూ వెళ్తూ ఆమె నా పక్కన ఆగి నెమ్మదిగా అంది.

"మాది కలిపితే పనికిరాదు వదినా."

"ఎందుకు పనికిరాదు?"

నా ముఖంలోకి చూసింది. ఇంకేదో చెప్పబోయి చుట్టూ ఉన్నవాళ్లను చూసి ఊరుకుంది. పంతం అనుకున్నాను.

షష్ఠి, సోమవారం

నీళ్లు ఎనిమిదే బిందెలు. తడికెలు ఎత్తలేదు. గోనెలు ఆరుసార్లు.

సింహాద్రి మావ పొద్దున్నే కబురు తెచ్చాడు. తూర్పున వాయుగుండం కట్టింది. గురువారం మధ్యాహ్నం దాటితే గాలి తిరుగుతుంది. పడవలు ఆ లోపు మొగ దాటి రావాలి, లేదా మూడు రోజులు నడి సముద్రంలో దానికి ఎదురు నిలవాలి. మా పడవ నిలవదు. అది నేను రాయనక్కర్లేదు గానీ రాస్తున్నాను.

ఇవాళ జోడీలు విడదీశాను. కొత్తది కట్టడానికి వేరే డిస్కులు లేవు కాబట్టి ప్రతి జోడీలోంచి ఒకటి తీసి, ఆ ఇరవై నాలుగింటితో పెద్ద వాల్యూమ్ కట్టాలి. రెండోవాటి మీద ఉన్న లోతుల్ని దానిలోకి ఎత్తాలి. ఎత్తడం అయ్యేవరకు ప్రతి ఇంటి లెక్కా ఒంటి డిస్కు మీద ఉంటుంది. ఆ డిస్కు పోతే ఆ ఇంటి ముప్పై ఏళ్ల లోతులు పోతాయి.

మొదలుపెట్టే ముందు గదిలో ఉన్నవన్నీ జాబితా రాశాను. డిస్కులు, తీగలు, బ్యాటరీలు, ఏ ఇంటి లోతులు ఏ అరలో, ఎంత బరువు. మూడు పేజీలు. రెండుసార్లు సరిచూశాను.

మధ్యాహ్నం మూడింటికి రెండో అరలో ఒక డిస్కు టిక్కుటిక్కుమంది. కొప్పాడి వారిది. నేను దాని మీద తడిగుడ్డ వేసి, చేతితో పట్టుకుని, దాని లోతులన్నీ ఎత్తేదాకా నలభై నిమిషాలు అలాగే నిలబడ్డాను. తడిగుడ్డ వల్ల ఉపయోగం ఉందో లేదో తెలియదు. డిస్కు మాత్రం తిరగడం ఆపలేదు.

సప్తమి, మంగళవారం

నీళ్లు తొమ్మిది బిందెలు. ఆయన మోశారు.

లోతులన్నీ కొత్త వాల్యూమ్‌లోకి చేరాయి. ఇరవై మూడు పడవలు ఒకేసారి అడిగినట్టు పరీక్ష పెట్టాను. సగం డిస్కులే కాబట్టి ముప్పావు సెకను రావాలి. ఒకటిన్నర వచ్చింది. సరిగ్గా రెట్టింపు.

రెట్టింపు వచ్చిందంటే ఎక్కడో ఒకే పని రెండుసార్లు జరుగుతోంది. రెండు గంటలు వెతికాను. తీగలు బాగున్నాయి. ముక్క కొలత బాగుంది. చివరికి మొదలు చూశాను. వాల్యూమ్‌లో లోతుల రాత అరవై మూడో గడి దగ్గర మొదలైంది; గడికి ఒక కిలోబైటు, అరవై నాలుగు గడులైతే ఒక ముక్క. అలా మొదలుపెట్టడం పాత అలవాటట, ఎప్పటివాళ్లదో. దానివల్ల ప్రతి ముక్కా ఒక డిస్కు చివర మొదలై పక్క డిస్కులోకి ఒరుగుతోంది. ఒక్క ముక్క చదవడానికి రెండు డిస్కులు లేవాలి.

ముక్క సరిగ్గా ముక్క మొదట్లో పడేలా జరిపి మళ్లీ ఎత్తాను. సాయంత్రం పరీక్ష: సున్నా దశాంశం ఎనిమిది.

"ఒక గడి తేడాకా ఇంత?" అన్నారు ఆయన.

"తలుపు గడియ ఒక్క నూలు పక్కకుంటే పడుతుందా?"

"పడదు. అందుకే గదా నేను గడియే బాగుచెయ్యలేదు నాలుగు నెలల్నించీ."

అష్టమి, బుధవారం

నీళ్లు పన్నెండు బిందెలు. చేప రెండు తడికెలు. గోనెలు ఐదుసార్లు. గది వేడి ముప్పై నాలుగు.

పాత సగం డిస్కుల్ని తుడిచి, కొత్త వాటికి జోడీలుగా కలిపాను. మళ్లీ ప్రతిదానికీ నకలు ఉంది. మధ్యాహ్నానికి పరీక్ష పెట్టాను. సున్నా దశాంశం నాలుగు. మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ అంతే. పదకొండు నుంచి అరకు దిగింది.

జాబితాలో మూడు పేజీలకూ చివరి గీత కొట్టాను. రత్నానికి రేడియోలో చెప్పించాను, గది ఇప్పుడు అడగ్గానే చెబుతుందని. "అయితే పులుసెట్టండి అత్తా, గురువారం తినేత్తాను," అందట.

నవమి, గురువారం. ఉదయం

నీళ్లు ఆరు బిందెలు. మూతలు కట్టాను. తడికెలు లోపలికి తెచ్చాను. తెల్లవారుజామున ధనకాసులు మొగ దాటి వెళ్లి, ఆరింటికల్లా తిరిగొచ్చింది. గాలి చూసి పడవ మంచె మీదికి లాగి, ఇంజను విప్పి ఇంటికి మోసుకుపోయింది. ఆమె కొలిచిన కొత్త లోతులు గదిలోకి చేరాయి.

పదకొండు ఇరవైకి పడవలు మొగ బయట కనబడ్డాయని మావ చెప్పాడు. ఇరవై రెండు.

పన్నెండుంపావు

రత్నం అడిగింది. గది అరసెకనులో చెప్పింది. నేను తెర మీద చూస్తూనే ఉన్నాను: ఎడమకు తిప్పు, అక్కడ లోతు తొమ్మిది మూరలు.

మా పడవకు మూడు మూరల నీళ్లు చాలు.

రేడియోలో ముందు చప్పుడు వినబడింది, తర్వాత రత్నం.

"తగిలింది! ఇసక! ఇసక మీదున్నాం!"

మావ చేతిలోంచి రేడియో లాక్కున్నాను. ఎన్ని క్షణాలో లెక్క రాయలేదు. ఒక పెద్ద అల వచ్చి పడవను లేపి వెనక్కి దించిందట. చుక్కాని కమ్మీ వంగింది. మనుషులు క్షేమం.

"అత్తా, తొమ్మిదంది మీ గది. మూడున్నట్టుంది ఇక్కడ. మూడు కూడా లేదేమో."

"బయటే ఉండండి. ఎవరూ దాటొద్దు. నేను చూత్తాను."

"మూడున్నర దాకా ఆగగలం. తర్వాత ఆటు లాగేత్తాది, గాలి తోసేత్తాది."

పన్నెండు ముప్పావు

ఇప్పుడు తెలిసింది. వరసగా రాస్తున్నాను.

మా ఊళ్లో ప్రతి ఇంటికీ ఒక ఇంటి మూర ఉంది. పడవ లోతు కొలిచినప్పుడు మిషను నిజమైన లోతు రాయదు. దానికి ఆ ఇంటి అంకె కలిపి రాస్తుంది, ఎవరైనా దొంగచాటుగా చదివినా వేట గుంట దొరక్కుండా. ఆ అంకె అత్త కోడలికి చెవిలో చెబుతుంది. ఎక్కడా రాయకూడదు. నలుగురిలో దాని ఊసు ఎత్తకూడదు. ఎవరి జోడీలో వాళ్లు, తమ మొదటి వంతు వచ్చినప్పుడు ఒక్కసారి, ఆ అంకె నొక్కి పెడతారు. మొగ దారి అడిగినప్పుడు ఆ జోడీయే అంకె తీసేసి నిజమైన లోతు చెబుతుంది. నేను మా అంకె నొక్కి పదకొండేళ్లయింది. మళ్లీ దాని అవసరం రాలేదు.

నేను లోతులన్నీ ఎత్తాను. ఆ అంకెలు ఎత్తలేదు. జోడీలు తుడిచినప్పుడు అవి పోయాయి. నా జాబితాలో గదిలో ఉన్న ప్రతి వస్తువూ ఉంది, రాయకూడనిది తప్ప.

పంచమి నాడు చావిట్లో ఇరవై నాలుగుమంది ఆడవాళ్లున్నారు. అందరికీ తమ అంకె తెలుసు. నాకూ తెలుసు. ఎవరూ దాని మాట ఎత్తలేరు. వంతు ఇంటివాళ్లు చూసుకుంటారని అందరూ అనుకున్నారు. ఒక్కతె మాత్రం, కలిపితే పనికిరాదు అని, చెప్పగలిగినంత చెప్పింది.

నేను పరీక్ష పెట్టింది వేగానికి. చెప్పేది నిజమా అన్నదానికి పెట్టలేదు.

ఒంటిగంటా పది

ఇవాళ మొగ లోతులు ధనకాసులువి మాత్రమే. అంటే నాకు కావలసింది ఒక్క అంకె.

అది నేను పట్టుకోగలను కూడా. గది తొమ్మిది అంది. పడవ మూడు మూరల దగ్గర తగిలింది. తేడా ఆరు. తెర మీద ఆరు అని నొక్కితే గది అన్ని లోతుల్లోంచీ ఆరు తీసేస్తుంది. పడవలు వస్తాయి. ఆమె గుంట కూడా ఆ ఆరుతోనే తెరుచుకుంటుంది, నాకూ, ఈ గదికి ఇకమీదట వంతుకొచ్చే ప్రతి ఇంటికీ. ఎందుకంటే అన్నీ కలిపి ఒకే వాల్యూమ్ చేసింది నేనే.

ఆరు అని నొక్కాను. ఖాయం చేసే మీట మీద వేలు పెట్టాను. తీసేశాను. మావను పంపి ధనకాసుల్ని పిలిపించాను.

రెండు గంటలు

ఆమె గుమ్మంలో ఆగింది. రమ్మన్నాను. వంతు కాని ఆడమనిషి గదిలో అడుగుపెట్టడం ఇదే మొదలు.

"నీ ఇంటి మూర కావాలి ధనకాసులూ."

"ఆ మాట అట్టా పైకనేత్తావేంటి వదినా!"

"అనకే ఇంతదాకా వచ్చింది. నేను ఎత్తడం మర్చిపోయాను. తప్పు నాది."

"తప్పు నీదైతే మా గుంట పోవాలా? నా పడవ ఒడ్డున ఉంది. నా మనిషి ఒకరూ బయట లేరు. నువ్వు సల్లగా ఇరవై రెండిళ్లు బతికించుకో, నేను మాత్రం రేపటి నించి ఏం తినాలో సెప్పు."

బయట గాలి తడికెల మీద చప్పుడు చేస్తోంది. రేడియోలో రత్నం తన వెనకున్న పడవల పేర్లు ఒక్కొక్కటీ పిలుస్తోంది, అన్నీ ఉన్నాయో లేదో చూసుకోవడానికి. పదమూడు దాకా లెక్కపెట్టింది. మళ్లీ మొదలుపెట్టింది.

తెర ఆమె వైపు తిప్పాను.

"నువ్వు చెప్పకపోయినా నాకు దొరికింది. తొమ్మిదిలోంచి మూడు పోతే ఆరు. ఇదిగో, నొక్కి కూడా ఉంచాను. నీకు చెప్పకుండా ఖాయం చెయ్యడానికి చెయ్యి రాలేదు. నువ్వు తల ఊపు చాలు. నోటితో చెప్పక్కర్లేదు."

ధనకాసులు తెర చూసింది. ఇంకా దగ్గరికి వంగింది.

"ఆరా?"

"కాదా?"

"వదినా, ఆ మీట నొక్కకు. నొక్కావంటే నీ కోడల్ని నువ్వే చంపుకుంటావు."

చేయి వెనక్కి లాక్కున్నాను.

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. ఊరుకుంటే సరిపోయేది ఆమెకు. తల ఊపి ఇంటికి వెళ్లిపోయినా తప్పు నాదే అయ్యేది, గుంట ఆమెదే అయ్యేది.

"మాది ఒక్క అంకె కాదు," అంది చివరికి. "రోజుకొకటి మారతాది. మా అత్త అసలే ఎవర్నీ నమ్మేది కాదు. నువ్వు పట్టింది ఒక్క రోజుది. మొగంతా ఒక్క రోజులో కొలవను గదా నేను. ఇయ్యాల కొలిసింది ఎడం పక్క. నిన్నటిది నడిమి. మొన్నటిది కుడి. నీ ఆరు ఎడం పక్కకే పనిచేత్తాది. నడిమికొచ్చేసరికి..."

అరచెయ్యి నేల మీద బోర్లించి చూపించింది.

ఎలా మారుతుందో నా చెవిలో చెప్పింది. ఇక్కడ రాయను. మూడు రోజులకు మూడు అంకెలు నేను నొక్కాను. ఆమె నా భుజం మీదుగా చూస్తూ ఒకటి దిద్దింది.

లేస్తూ అంది. "నాకు బాకీ పడ్డావు వదినా."

మూడుంపావు

"రత్నం. అడుగు."

"అడిగాను. అరసెకనులో చెప్పింది. నిజమే చెబుతోందా అత్తా?"

ధనకాసులు రేడియో అందుకుంది.

"నా లోతులేనే పిల్లా. నడిమికొచ్చాక కుడికి లాగు, బయపడకు. అక్కడ ఎప్పుడూ నాలుక్కి తగ్గదు."

మొదటిది మా పడవ. వంగిన చుక్కానితో రత్నం దాన్ని తెడ్లు వేయించి తిప్పింది. దాటింది. తర్వాత రెండు. తర్వాత అన్నీ ఒకేసారి అడిగాయి, ఒకదాని మీద ఒకటి. నేను తెర మీద దారులు చూడలేదు, మూలనున్న సెకన్ల లెక్క చూశాను. సున్నా దశాంశం నాలుగు. సున్నా దశాంశం నాలుగు. సున్నా దశాంశం ఐదు.

మావ గుమ్మంలో నిలబడి వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టాడు. మూడూ నలభై రెండుకు ఇరవై రెండు అన్నాడు. మూడూ యాభైకి గాలి తిరిగింది.

ద్వాదశి, ఆదివారం

నీళ్లు పద్నాలుగు బిందెలు, మూడు రోజుల బురద వడకట్టడంతో కలిపి. ఎగిరిపోయిన తడికెలు రెండు. గోనెలు మూడుసార్లు, వాన వల్ల గది చల్లగా ఉంది, ఇరవై తొమ్మిది.

రెండు రోజులుగా పెద్ద వాల్యూమ్‌ను మళ్లీ కోస్తున్నాను. డిస్కులు మాత్రం విడదీయలేదు. పెద్దదాని లోపలే ఇరవై నాలుగు చిన్న వాల్యూములు, ఇంటికొకటి. ప్రతిదీ నలభై ఎనిమిది డిస్కుల మీదా పరుచుకునే ఉంటుంది, కానీ దాని తలుపు దానిదే, దాని అంకె దానిలోనే. ఇది మొదటే చేసి ఉండాల్సింది. అన్ని డిస్కులూ అందరికీ పనిచేయడం వేరు, అందరి లెక్కలూ అందరికీ తెరిచి పెట్టడం వేరు. రెండూ ఒకటేననుకుని చేశాను. పరీక్ష పెట్టాను, వేగానికీ నిజానికీ. సున్నా దశాంశం ఐదు. అంకె నొక్కాక గది చెప్పిన లోతులు, ఓలేటి వారు అవే రోజుల్లో తాడు వేసి కొలిచిన పాత లోతులతో సరిపోయాయి.

పొద్దుటి నుంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే గదిలోకి వచ్చి తమ అంకె నొక్కి వెళ్లారు. ఒక్కొక్కరు నొక్కేటప్పుడు నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. రాఘవమ్మ నొక్కుతూ, "నా పెనిమిటికి సెప్పొద్దేం, ఆయనకి పదీ పదకొండూ తేడా తెలీదు," అంది. మా తరఫున రత్నం నొక్కింది.

ఆఖరున ధనకాసులు.

"నువ్వు గోడకి తిరగక్కర్లేదులే. నీకు తెలుసు గదా."

నిన్నే రత్నాన్ని అడిగాను, మన మూర వేరే ఇంటికి చెప్పనా అని. ఆ అంకె మా అత్త నాకిచ్చింది, నేను రత్నానికిచ్చాను. ఇప్పుడు అది రత్నానిదే. పులుసన్నం తింటూ ఒక్క నిమిషం ఆలోచించింది. "సెప్పెయ్యండి అత్తా. లేపోతే ఆవిణ్ణి చూసినప్పుడల్లా నాకు అన్నం దిగదు," అంది. ఆయన మాత్రం, "రేపట్నించి మన గుంట మీద ఆవిడ వల ఉంటాది చూసుకోండి," అన్నారు. ఉండనీ అన్నాను.

ధనకాసుల్ని కూర్చోబెట్టి, మా ఇంటి మూర ఆమె చెవిలో చెప్పాను. మా గుంట ఏ వైపో కూడా చెప్పాను.

ఆమె నా వైపు వింతగా చూసింది.

"ఇంతేనా? ఒక్క అంకే?"

"ఒక్కటే."

"ఇన్నేళ్లూ ఇది దాచుకోడానికా మీ అత్త మా అత్తతో మాట్లాడకుండా సచ్చిపోయింది?"

నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ ఆపుకోలేకపోయాను. గుమ్మం బయటి నుంచి మావ, ఏంటేంటని అడిగాడు. ఎవరమూ చెప్పలేదు.

బొమ్మిడి ధనకాసులుకు మల్లాడి వారు పడ్డ బాకీ, ఒక ఇంటి మూర. ఈ రోజు ముట్టింది. చెల్లు.